కొట్టము నేలకు ఏ పఱపు తగును?

రైతు తన సామగ్రిని దాచుకొను కట్టడమును ఒక్కొక్క సీమలో ఒక్కొక్క పేర పిలుచుదురు. ఒకచోట అది తోటలోని రేకుల షెడ్డు. వేఱొకచోట పొలములోని మకాము. మఱియొకచోట దొడ్డిలోని కొట్టము. పేరేదైనను పని యొక్కటే. రాబోవు పంటకు విత్తనము, కొని తెచ్చిన ఎఱువు, పాఱలు, గొడ్డళ్లు, మందు చల్లు యంత్రములు, ఇంజను నూనెలు అన్నియు నందే చేరును. అట్టి కొట్టము కట్టించునపుడు మన సభ్యులు పైకప్పును గూర్చి పదిమందిని విచారింతురు. తలుపునకు మంచి తాళము కొందురు. నేల సంగతి వచ్చుసరికి మిగిలిన డబ్బుతో ఏదో యొకటి పఱపించి సరిపెట్టుదురు. వాన పైనుండి వచ్చును గనుక కప్పుపై శ్రద్ధ సహజమే. కాని పైనుండి కాఱిన నీరు కంటికి కనబడును. ఆ రాత్రియే లేచి బస్తాలు జరుపుదుము. క్రిందినుండి ఎక్కు చెమ్మ కంటికి కనబడదు. అట్టడుగు బస్తాను కదలించిన దినముననే దాని సంగతి బయటపడును. ఆ దినము సాధారణముగా విత్తు దినమై యుండును.

“బండలు వేయింపవలెనా, సిమెంటు చేయింపవలెనా, రబ్బరు చాపలు కొని పఱచుకొనిన చాలునా?” అని సభ్యులు తఱచుగా అడుగుచుందురు. ఈ ప్రశ్నకు ఒక్క మాటలో ప్రత్యుత్తరము లేదు. ఏలయన, నేలపఱపు మంచిదా కాదా యనునది ఆ పఱపు నొక్కదానినే చూచినచో తేలదు. దాని క్రిందనున్న భూమిని బట్టియు, దానిపై నుంచు వస్తువును బట్టియు తేలును. కావున ముందు తడి యే త్రోవను వచ్చుచున్నదో కనిపెట్టవలెను. పిమ్మట పఱపును ఎంచుకొనవలెను. ఈ వరుస తలక్రిందైనచో పెట్టిన ధనము వ్యర్థమగుటయే కాక, కొన్ని సందర్భములలో కీడు హెచ్చును గూడ.

చెమ్మ వలన కలుగు నష్టము

విత్తనము ప్రాణము గల వస్తువు. తేమ పెరిగినకొలది అది వేగముగా శ్వాసించును, వేడి పుట్టును, బూజునకును పురుగునకును చోటు కలుగును. విత్తనపు తేమ నూటికి 5 మొదలు 14 పాళ్ల లోపల నున్నంతవఱకు, ఒక్క పాలు తగ్గినయెడల విత్తనపు టాయువు సుమారు రెండింతలగుననియు, ఒక్క పాలు పెరిగినయెడల సగమగుననియు ఒక స్థూలమైన లెక్క కలదు. అమెరికా శాస్త్రజ్ఞుడగు హారింగ్టను పేర ఈ లెక్క ప్రసిద్ధమైనది. మన దేశపు విత్తన ధ్రువీకరణ ప్రమాణములను బట్టి, సాధారణపు సంచులలో నుంచు వరి విత్తనమున తేమ నూటికి 13 పాళ్లకును, వేరుసెనగ విత్తనమున 9 పాళ్లకును మించరాదు. మొలక వరియందు నూటికి 80కిని, వేరుసెనగయందు 70కిని తగ్గరాదు.

ఈ అంకెలను కొట్టమునకు అన్వయించి చూతము. ఒక రైతు కళ్లములో వడ్లను చక్కగా ఎండించి 12 పాళ్ల తేమకు తెచ్చి బస్తాల కెత్తెననుకొందము. నూటికి 75 పాళ్ల తేమ గల గాలిలో చాలకాలము నిలిచిన వడ్లు తామే సుమారు 14 పాళ్ల తేమకు వచ్చును. తడినేలకు ఆనుకొనియున్న బస్తాచుట్టు గాలి యంతకంటెను చెమ్మగా నుండును. పై బస్తాలు బాగుగనే యుండును; అడుగు బస్తా ఆయువు సగమై, మఱల సగమగును. రైతు పై బస్తానుండి గుప్పెడు గింజలు తీసి మొలక కట్టి చూచి సంతోషించును. చల్లిన తరువాత నారుమడిలో సగము మళ్లు పలుచగా వచ్చినపుడు విత్తనము నమ్మినవానిని దూషించును. నష్టము జరిగినచోటు మాత్రము తన కొట్టము నేలయే.

వేరుసెనగ విషయమున ఇంకొక ప్రమాదము కలదు. చెమ్మ తగిలిన కాయలలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు పెరిగి, అఫ్లటాక్సిను అను విషమును పుట్టించును. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు హఠాత్తుగా చచ్చినపుడు, అవి తినిన వేరుసెనగ పిండియే కారణమని పరిశోధకులు తేల్చిరి. అప్పుడే ఈ విషము లోకమునకు తెలిసినది. ఇది కాలేయమును చెఱచును. వేయించినను ఉడికించినను పూర్తిగా పోదు. బూజుపట్టిన కాయలను విత్తనమునకు పనికిరావని గానుగకు పంపుటయు, చెక్కను పశువులకు పెట్టుటయు అందువలననే కూడదు.

ఎఱువుల సంగతి వేఱు. యూరియా ఉప్పువలె గాలిలోని తేమను లాగుకొనును. 30 డిగ్రీల వేడిలో గాలి తేమ నూటికి సుమారు 73 పాళ్లను దాటినప్పుడు అది చెమర్చ నారంభించును. మఱల ఆఱినపుడు రాయివలె గడ్డకట్టును. గడ్డకట్టిన యూరియాను సమ్మెటతో కొట్టి చల్లినచో చేనిలో ఒకచోట హెచ్చుగను ఒకచోట తక్కువగను పడును. సిమెంటు బస్తా అయినచో గడ్డకట్టిన పిమ్మట పాఱవేయవలసినదే. ఇనుప పనిముట్లకు త్రుప్పు పట్టును. పొటాషు వంటి ఉప్పెఱువు చిందిన చెమ్మనేలపై నుంచినచో ఆ త్రుప్పు మఱింత వేగముగా పట్టును.

తడి వచ్చు త్రోవలు

కొట్టములోనికి తడి నాలుగు త్రోవలను వచ్చును.

మొదటిది, భూమినుండి ఎక్కునది. దీపపు వత్తి నూనెను పైకి లాగునట్లు, మట్టిరేణువుల నడుమనున్న సన్నని సందులు నీటిని పైకి లాగును. సందు ఎంత సన్నమైన నీరు అంత ఎత్తునకు ఎక్కును. ముతక ఇసుకలో అది కొద్ది అంగుళములతో ఆగును. మెత్తని బంకమట్టిలో కొన్ని అడుగులు ఎక్కగలదు. గోడల అడుగున తెల్లని చౌడు పూతవలె పట్టుట దీని గుఱుతు.

రెండవది, ప్రక్కనుండి వచ్చునది. చూరునీరు గోడ మొదటనే పడి యింకుట, వీధి మెఱకయై కొట్టము పల్లమగుట, పశువుల తొట్టి నీరు పునాది ప్రక్కగా పాఱుట దీనికి కారణములు.

మూడవది, గాలినుండి దిగునది. వానకాలపు తెల్లవారుజామున గాలి చెమ్మతో నిండియుండును. అది చల్లని సిమెంటు నేలనో రాతిబండనో తాకినపుడు, చల్లని నీటిచెంబుపై చెమట పట్టినట్లు, నేలపై చెమట పట్టును.

నాలుగవది, మనము తెచ్చునది. తడిగోనెలు, బురదకాళ్లు, కడిగి ఆఱకమునుపే లోన నుంచిన మందు యంత్రములు, సరిగా ఎండని కాయలు.

నేలపఱపు అనునది మొదటిదానిని మాత్రమే యడ్డగింపగలదు. రెండవదానికి మందు వెలుపల కాలువ త్రవ్వుట, చూరును ఒకటిన్నర మొదలు రెండడుగులు ముందునకు పొడిగించుట. మూడవదానికి మందు బస్తాలను నేలనుండి లేపుట. నాలుగవదానికి మందు మన జాగ్రత్త. నాలుగింటికిని ఒకే చాప కొని పఱచినచో ఒక్కటియు తీరదు.

ఒక చిన్న పరీక్ష

తడి క్రిందినుండి వచ్చుచున్నదా, గాలినుండి దిగుచున్నదా యని తెలిసికొనుటకు ఖర్చులేని పరీక్ష కలదు. ఒకటిన్నర అడుగు పొడవు, అంతే వెడల్పు గల పారదర్శకమైన ప్లాస్టికు ముక్కను తీసికొనుడు. నేలను ఊడ్చి దానిని పఱచి, నాలుగంచులను అంటుపట్టీతో గాలి చొరకుండ అంటింపుడు. మట్టినేలయైనచో అంచులపై తడిలేని ఇసుకను గట్టుగా పోయుడు. సాయంకాలము పెట్టి మఱునాటి ఉదయమున, అనగా సుమారు 16 గంటల తరువాత చూడుడు.

ప్లాస్టికు అడుగు ప్రక్క నీటిబొట్లు కట్టినను, దాని క్రింది నేల చుట్టునున్న నేలకంటె నల్లబడినను, తడి భూమినుండి వచ్చుచున్నదని యర్థము. అడుగు ప్రక్క పొడిగా నుండి పైప్రక్క చెమ్మగా నున్నచో తడి గాలినుండి దిగుచున్నది. రెండు ప్రక్కలను తడి యున్నచో రెండు త్రోవలును తెఱచియున్నవి. ఈ పరీక్షను ఎండకాలమున చేసి తృప్తిపడరాదు. మంచి వానలు కురిసిన వారము దినములకు చేయవలెను. డెల్టా గ్రామములలో కాలువలకు నీరు వదలిన తరువాత మఱియొకసారి చేయవలెను. అప్పుడు భూగర్భజలము పైకి వచ్చును.

భూమిని బట్టి అడుగు

ఎఱ్ఱచెల్క, గరుసు నేలలలో నీరు త్వరగా దిగిపోవును. నేల యంతగా ఉబ్బదు. ఇట్టిచోట సామాన్యపు పఱపైనను నిలుచును.

నల్లరేగడి నేల తడిసినపుడు ఉబ్బును, ఎండినపుడు కుంచించుకొని నెఱ్ఱెలిచ్చును. దానిపై నేరుగా పలుచని సిమెంటు పఱపు వేసినచో మొదటి ఏడాదికే బీటలు వాఱును. ఆ బీటలగుండ చెమ్మయు చెదలును పైకి వచ్చును. రేగడిలో సిమెంటు నేల కావలెనన్న, నల్లమట్టిని కనీసము రెండడుగుల లోతున తీసివేసి, గరుసు పోసి, నీరు చల్లి పొరపొరగా దిమ్మిస చేయవలెను. అంత ఖర్చు భరింపలేనివారు ఇసుకపై బండలు పఱచుకొనుట మేలు. నేల కదలినపుడు బండ ఎగుడుదిగుడగునే కాని పగులదు. దానిని ఎత్తి క్రింది ఇసుక సరిచేసి మఱల వేసికొనవచ్చును.

సముద్రతీరపు ఇసుకనేలలును డెల్టా లంకభూములును మూడవ తరగతి. ఇచ్చట నీటిమట్టము పైన నుండును. ముంపు భయమును కలదు. ఎట్టి పఱపును ముంపునీటిని ఆపజాలదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెన వంటి దానిమాట అటుంచి, ఏటేట వచ్చు సామాన్యపు వాననీటికైనను కొట్టము నేల చుట్టునున్న భూమికంటె కనీసము ఒకటిన్నర అడుగు ఎత్తుగా నుండవలెను. ఎత్తు లేనిచోట ఎంత విలువగల పఱపైనను నిష్ప్రయోజనము.

పఱపులు, వాని గుణదోషములు

అలికిన మట్టినేల. పేడతో అలికిన నేల మన పెద్దలు ఎఱిగిన నేల. ఖర్చు తక్కువ, చల్లగా నుండును, జాఱిపడిన సీసా పగులదు. వానలు తక్కువైన మెట్టసీమలలో పనిముట్లు పెట్టుకొనుటకు ఇది చాలును. కాని ఇది భూమి చెమ్మను ఆపదు. విత్తనము లోన నుండగా అలుకుట మఱియు కీడు. పందికొక్కులును చెదలును దీనికి వెఱవవు. పురుగుమందు ఒలికినయెడల మట్టి దానిని త్రాగివేయును. పిమ్మట తీయుట కష్టము.

కంకర. కడిగిన ముతక కంకరను ఆఱంగుళముల మందమున పోసినచో చెమ్మ దానిని దాటి పైకి ఎక్కలేదు, ఏలయన సందులు పెద్దవి. నాగళ్లు, గుంటకలు, పైపులు పెట్టుటకు తగినది. ఊడ్చుటకు వీలుగాదు, చిందిన గింజలు సందులలో చేరి ఎలుకలను పిలుచును. విత్తనపు కొట్టమునకు కంకర అడుగుపొరగా మంచిది, పైపొరగా కాదు.

ఇటుకలు. ఇసుకపై ఇటుకలను అంచుమీద నిలిపి పేర్చిన నేల బరువునకు ఆగును. కాని ఇటుక నీటిని పీల్చును. క్రింద చెమ్మను ఆపు పొర లేనియెడల అది మట్టినేలకంటె పెద్ద మెఱుగుగాదు.

రాతిబండలు. కడప బండలు, బేతంచెర్ల బండలు, తాండూరు బండలు, షాహాబాదు బండలు మన ప్రాంతములలో సులభముగా దొఱకును. ఇవి గట్టివి, నున్ననివి, ఊడ్చుటకు అనువైనవి. వీని గుండ చెమ్మ రాదు. వచ్చినచో సందులనుండియే వచ్చును. ఒకటి మాత్రము గుఱుతుంచుకొనవలెను: ఇవి సున్నపురాతి జాతికి చెందినవి, ఆమ్లమునకు ఆగవు. నిమ్మరసము పడినను మచ్చ కట్టును. ట్రాక్టరు బ్యాటరీలోని ఆమ్లము పడినచో రాయి పొంగి కరగును. బ్యాటరీలను ప్లాస్టికు తొట్టిలో నుంచవలెను.

సిమెంటు కాంక్రీటు. క్రింద కంకరయు ప్లాస్టికు పొరయు వేసి, నాలుగంగుళముల మందమున పోసిన కాంక్రీటు పందికొక్కును, చెదలను, చెమ్మను మూడింటిని అడ్డగించును. విత్తనమునకును ఎఱువునకును ఇదియే ఉత్తమము. అడుగుపొర లేక నేరుగా మట్టిపై పోసిన కాంక్రీటు మాత్రము చెమ్మను మెల్లమెల్లగా పైకి పంపుచునే యుండును. చూచుటకు పొడిగా కనబడి మోసగించును. అమ్మోనియం సల్ఫేటు వంటి ఎఱువులు చిందినచోట కాంక్రీటును కూడ తినివేయును గనుక చిందిన దానిని వెంటనే ఊడ్చివేయవలెను, కడుగరాదు.

రబ్బరు చాపలు, లినోలియము, ఫ్లెక్సీలు. వీనివలననే పొరపాటు ఎక్కువగా జరుగుచున్నది. ఇవి నేలను గీతలనుండి కాపాడును. నిలిచి పనిచేయువాని కాళ్లకు సుఖమిచ్చును. చెమ్మకు మందు కావు. చెమ్మనేలపై రబ్బరు చాప పఱచినయెడల ఎగిరిపోవలసిన తడి దాని క్రిందనే నిలిచి బూజు కట్టును. చాప అంచులగుండ బస్తాల క్రిందికి చేరును. లినోలియము అడుగున జనుపగుడ్డ యుండును, అది కుళ్లును. సహజమైన రబ్బరు డీజిలు, ఇంజను నూనెలు తగిలిన ఉబ్బి చెడును. పాత ఫ్లెక్సీ బ్యానరు ఉచితముగా దొఱకును గాని, మేకుల చిల్లులును కుట్లును దానిలో నుండనే యుండును. ఒక గ్రామమున చెమ్మనేలపై బ్యానరు పఱచి వేరుసెనగ బస్తాలు పేర్చిరి. నేలకు దిగువ కంకర లేదు, బస్తాల క్రింద పట్టెలు లేవు. ఆషాఢమున తీసి చూడగా, కుట్టు పోయినచోట నెల్ల అదే గీతవెంబడి బస్తాలకు నల్లని బూజు పట్టియుండెను. చాపలు వేయవలెనన్న పరీక్షలో పొడిగా తేలిన నేలమీదనే వేయవలెను. నెలకొకసారి ఎత్తి ఎండబెట్టవలెను.

చెక్కపట్టెలు. ఇది నేలపఱపు గాదు గాని, దీని సాయము లేనిదే ఏ పఱపును పూర్తి ఫలమునీయదు. వెనుకటివారు గాదెను రాళ్లపై నిలిపిరి. దాని క్రింద గాలి యాడుచుండెను. అదే సూక్ష్మము. తాటిపట్టెలతోగాని సరుగుడు బాదులతోగాని నాలుగైదంగుళముల ఎత్తున ఒక బల్ల చేయించి, దానిపై వెదురుతడిక పఱచి బస్తాలు పేర్చినచో, నేలపై గాలినుండి దిగిన చెమట బస్తాకు తగులదు. గోడకును బస్తాలకును నడుమ ఒకటిన్నర మొదలు రెండడుగుల సందు విడువవలెను. మట్టినేలపై చెక్కను నేరుగా నుంచినచో చెదలకు నిచ్చెన వేసినట్లగును. పట్టెల క్రింద రాతిముక్కలు పెట్టవలెను.

సిమెంటు నేల వేయు క్రమము

పండ్రెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గల చిన్న కొట్టమునకు కావలసిన సామగ్రి లెక్కను ఇచ్చట చూపుచున్నాను. సభ్యులు తమ కొలతలను బట్టి హెచ్చించుకొనవచ్చును, తగ్గించుకొనవచ్చును.

1. నేలను చదునుచేసి, వేళ్లు, గడ్డి, చెదపుట్టలు తీసివేసి దిమ్మిస చేయుడు.

2. ముతక కంకరను ఆఱంగుళముల మందమున పోసి గట్టిపఱచుడు. దీనికి 60 ఘనపుటడుగుల కంకర పట్టును.

3. పైన అంగుళము ఇసుక పఱచుడు. 10 ఘనపుటడుగులు చాలును. కంకర మొనలు ప్లాస్టికును చీల్చకుండుటకే ఈ ఇసుక.

4. దానిపై 250 మైక్రానుల, అనగా 1000 గేజి, ప్లాస్టికు పొరను పఱచుడు. అతుకు వచ్చినచోట ఒక అడుగు ఒకదానిపై నొకటి వచ్చునట్లు వేసి అంటింపుడు. అంచులను గోడవెంబడి కాంక్రీటు మందమునకు పైకి మడువుడు. దీని ఖర్చు మొత్తములో స్వల్పము. దీనిని మానిన పిమ్మట మఱల వేయుటకు వీలుండదు.

5. ఒక పాలు సిమెంటు, రెండు పాళ్లు ఇసుక, నాలుగు పాళ్లు కంకరజల్లి కలిపి నాలుగంగుళముల మందమున పోయుడు. మొత్తము 40 ఘనపుటడుగులు. దీనికి 50 కిలోల సిమెంటు బస్తాలు సుమారు 7, ఇసుక 18 ఘనపుటడుగులు, జల్లి 35 ఘనపుటడుగులు పట్టును. బస్తాకు 25 మొదలు 30 లీటర్ల నీరు చాలును. పనివారు సులభముకొఱకు నీరు హెచ్చుగా పోయుదురు. అట్లు పోసిన నేల బలహీనమై దుమ్ము లేచును.

6. వాకిలివైపు అంగుళము మొదలు ఒకటిన్నర అంగుళము వాలు ఉంచుడు.

7. గోనెలు కప్పి కనీసము 7 దినములు, వేసవి వడగాలులలో 10 దినములు తడుపుడు. పిమ్మట నెల దినములకు తక్కువ కాకుండ ఆఱనిచ్చి, పైన చెప్పిన ప్లాస్టికు పరీక్ష చేసి, పొడిగా తేలిన తరువాతనే బస్తాలు చేర్పుడు. క్రొత్త కాంక్రీటు తన నీటిని తానే విడుచుచుండును; దానిపై వెంటనే చాపలు పఱచుట, విత్తనము పేర్చుట కూడదు. ఈ కారణమున పనిని మాఘ ఫాల్గుణములలో ముగించుట ఉత్తమము.

8. వెలుపల గోడచుట్టును రెండడుగుల వెడల్పున బండలుగాని సిమెంటుగాని వాలుగా వేసినచో, చూరునీరు దూరముగా పోవును. పందికొక్కు గోడ మొదట బొఱియ త్రవ్వజాలదు.

కౌలుదారులకు ఒక మాట

పరుల భూమిలో కొట్టము వేసికొనిన కౌలురైతు సిమెంటు నేలపై ధనము పెట్టిన, భూమి వదలునాడు అది అక్కడనే నిలిచిపోవును. అట్టివారికి ఎత్తుకొనిపోదగిన పఱపు మేలు. కంకర ఆఱంగుళములు, దానిపై ఇసుక, దానిపై ప్లాస్టికు పొర, మఱల రెండంగుళముల ఇసుక, పైన బండలు. సందులలో సిమెంటు పూయక ఇసుకయే నింపవలెను. పోవునపుడు బండలును ప్లాస్టికును బండికెత్తుకొనవచ్చును. అదియు భారమైనవారు విత్తనమునకు మాత్రమైనను రాళ్లపై నిలిపిన చెక్కపట్టెల బల్ల నొకటి చేయించుకొనవలెను. పది బస్తాలకు చాలిన బల్లకగు ఖర్చును, ఒక్క విత్తనపు బస్తా వెలను సరిచూచుకొనిన, ఏది భారమో తెలియును. నలుగురు చిన్నరైతులు కలిసి ఒక కొట్టమునకు మంచి నేల వేయించుకొని, విత్తనము నంతయు నందే నుంచుకొనుటయు యుక్తమే; సహకారమునకు ఇంతకంటె దగ్గఱి పని లేదు.

వాడుకలో పాటింపవలసినవి

విత్తనము, ఎఱువు, పురుగుమందు ఈ మూడింటిని ఒకచోట నుంచరాదు. గదులు వేఱువేఱుగా లేనియెడల విత్తనమును వాకిలికి దూరముగా ఎత్తుపైనను, ఎఱువును ఎదుటిమూలను, మందులను తాళముగల పెట్టెలోను ఉంచవలెను. మందుపెట్టె క్రింద అంచులు గల ప్లాస్టికు పళ్లెము పెట్టినచో ఒలికినది నేలకు పాకదు. డీజిలు ఒలికినచోట ఇసుకగాని రంపపుపొట్టుగాని చల్లి ఊడ్చివేయవలెను.

వానకాలమున తెల్లవారుజామున కిటికీలు తెఱువరాదు. ఎండకాసి గాలి పొడిబాఱిన మధ్యాహ్నమున తెఱచి, సాయంకాలము మూయవలెను. వేరుసెనగను విత్తువఱకు కాయలుగనే యుంచవలెను. ఒలిచిన పప్పు త్వరగా చెడును. మొలక పరీక్షకు గింజలను పై బస్తానుండి గాక అడుగు బస్తానుండి తీయవలెను. నూఱు గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి మొలచినవానిని లెక్కింపుడు. విత్తుటకు నెల దినములు ముందుగా ఈ పని చేసినయెడల, విత్తనము చెడినను మాఱు విత్తనము సమకూర్చుకొనుటకు వ్యవధి యుండును.

సభ్యులు క్రొత్త పఱపు కొనుటకు పూర్వము ఒకటిన్నర అడుగు ప్లాస్టికు ముక్కతో తమ నేలను పరీక్షించి చూతురుగాక. అడుగున చెమట కట్టినయెడల కంకరయు ప్లాస్టికు పొరయు వేయింపుడు. పైన చెమట కట్టినయెడల బల్ల చేయింపుడు. రెండును లేనియెడల ఉన్న నేలనే శుభ్రముగా నుంచుకొని, ఆ ధనమును విత్తనమునకు వినియోగింపుడు.